తగ్గించాలన్న చీటీ

మా చర్చావేదికలో మాట్లాడేవాళ్ళకు తమ పక్షం తాము ఎంచుకునే హక్కు లేదు. చీటీ తీయాల్సిందే. రెండు రకాల చీటీలు మడిచి స్టీలు గిన్నెలో వేస్తాం. చేతికి ఏది వస్తే ఆ పక్షాన వాదించాలి. జీవితమంతా దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చిన మనిషి ఉన్నాడని వాదించాల్సి వచ్చిన ఆదివారాలు మాకు పండగల్లా గడిచేవి. వేదిక పెట్టిన పెద్దాయన పోతూ పోతూ మరో నియమం కూడా మాకు అంటగట్టాడు. "కొందరి అభిప్రాయం ప్రకారం" అనకూడదు. "నాకు ఈ చీటీ వచ్చింది కనుక" అని అసలే అనకూడదు. "నేను నమ్ముతున్నాను" అనే మొదలుపెట్టాలి. అవతలివాడి నమ్మకాన్ని కాసేపైనా ఒంటి మీద వేసుకుని తిరగనివాడికి దాన్ని చించే హక్కు లేదని ఆయన వాదన.

మంచి వాదనే. పద్మారావు నగర్‌లో జిరాక్స్ షాపు పైన, ఫ్యాను తిరిగినా గాలి రాని ఆ గదిలో, ఒకరినొకరు ఏళ్ళ తరబడి ఎరిగిన జనం మధ్య అది చక్కగా నడిచింది. గది బయట ఒక దేశం ఉందని, అది చెవులతో కాక ఫోన్లతో వింటుందని ఆ పెద్దాయనకు తెలిసే అవకాశం లేదు. మాకు ఉంది. అయినా నియమం మార్చలేదు. మూఢాచారాల మీద పుస్తకాలు వేసినవాళ్ళం, మా ఆచారాన్ని మాత్రం ముట్టుకోలేదు.

సరిహద్దులో కాల్పులు మొదలై, ఆగి, ఇక్కడ జనానికి మాత్రం ఒంట్లో వేడి తగ్గని రోజులవి. సికింద్రాబాద్‌కు సైన్యం కొత్త కాదు. పాలప్యాకెట్టు కోసం వెళ్ళినా ఆకుపచ్చ లారీ ఎదురవుతుంది, ఎవరూ తల తిప్పి చూడరు. ఆ రోజుల్లో మాత్రం స్కూటర్లు ఆపి సెల్యూట్ కొట్టారు. లారీ వెనక కూర్చున్న జవాన్లు వీళ్ళకేమైందన్నట్టు చూశారు. యాప్రాల్‌లో నాకు తెలిసిన అపార్ట్‌మెంటు ఒకటుంది. కంటోన్మెంటు గేటు మూసి దారి మళ్ళించిన ప్రతిసారీ "ఊరి మధ్యల వీళ్ళకు ఇంత జాగా ఎందుకు" అని తిట్టిపోసే అపార్ట్‌మెంటు అది. అదే జనం ఇప్పుడు లిఫ్టు ముందు నిలబడి, బడ్జెట్‌లో సగం సైన్యానికే ఇచ్చేయాలని తీర్మానించారు. సైన్యానికి ఎంత డబ్బైనా ఇవ్వొచ్చు, దారి మాత్రం ఇవ్వకూడదు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలని అడిగితే ఉచిత పథకాలు ఆపేయాలన్నారు. ఎవరి పథకాలు? తమవి కావు. తమ ఇంట్లో పనిచేసే మనిషివి.

దేశరక్షణ గురించి నలుగురు కూర్చుని ఆలోచించదగిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. ఎంత ఖర్చు పెట్టాలి, దేని మీద పెట్టాలి, విమానానికా, విమానం దిగిన మనిషికా, ఆ మనిషి పింఛనుకా. వీటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు. "పెంచాలి" అన్న ఒక్క మాట చాలింది. టీవీ ముందు సోఫాలో కాళ్ళు చాపుకుని దాన్ని అనొచ్చు, పల్లీలు తింటూ అనొచ్చు. అంత సుఖమైన వీరత్వం ఇంకొకటి లేదు.

అందుకే ఆ విషయం పెట్టాను. వేదిక కార్యదర్శిని నేనే. "దేశ రక్షణ వ్యయం ఇంకా పెంచాలి." మా అధ్యక్షుడు పిల్లల డాక్టరు. ఆయన కొంచెం గొణిగాడు. "ఇప్పుడెందుకండీ, వేడి మీదున్నారు" అన్నాడు. వేడి మీద ఉన్నప్పుడే కదా బుద్ధికి పని అన్నాను. ఆయన తలూపాడు. వాదనలో ఓడిపోయినప్పుడు తలూపడం, ఆపద వచ్చినప్పుడు తల తిప్పుకోవడం ఆయన అలవాటు. రెండోది అప్పటికి నాకు తెలియదు.

చర్చకు ముందు సభ చేత చేతులెత్తించడం మా పద్ధతి. చర్చ అయ్యాక మళ్ళీ ఎత్తిస్తాం, ఎవరి మనసు మారిందో చూడటానికి. పెంచాలన్నవాళ్ళు చేతులెత్తండి అనగానే గదంతా చేతులు లేచాయి. అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా లేచిన చెయ్యి జనరల్ బజార్ బట్టల వ్యాపారిది. నల్గొండ వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మా సభలకు ఎప్పుడూ మానడు. ఆయన చెయ్యి అంత ఎత్తుగా ఎందుకు లేవాలో ఆ గదిలో అందరికీ తెలుసు. తెలియనట్టు కూర్చోవడంలో అందరికీ మంచి అలవాటుంది. ఆయన పక్కనే కూర్చున్న సోషల్ టీచరు కూడా చెయ్యెత్తింది. గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ ప్రొటెస్టెంటు కుటుంబం ఆమెది. యాప్రాల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. కూతురు అదే స్కూల్లో ఫీజు లేకుండా తొమ్మిదో తరగతి చదువుతోంది. తమ్ముడు సైన్యంలో జవాను, ఉత్తరాన మంచుకొండల్లో ఉన్నాడు. పెంచాలని ఆమె నిజంగానే అనుకుంటోంది. తమ్ముడికి వెచ్చటి బూట్లు రావాలంటే ఖర్చు పెరగాలి కదా అని.

ఆ రోజు మాట్లాడాల్సిన ఆరుగురూ చీటీలు తీశారు. టీచరుకు "పెంచాలి" వచ్చింది. బట్టల వ్యాపారికి "తగ్గించాలి" వచ్చింది.

చీటీ తీశాక గంటసేపు టైమిస్తాం. వక్తలు కిందికి వెళ్ళి టీ తాగుతూ ఆలోచించుకుంటారు. నేను దిగేసరికి ఆయన చీటీని వేళ్ళ మధ్య నలుపుతూ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, నాతోని గాదు. ఇది వాపస్ తీస్కోండి."

"నియమం మీకు తెలుసు కదా."

"నియమం మీది సార్, దుకాణం నాది. నేను ఈ మాట అన్ననంటే రేపు షట్టర్ ముందర లొల్లి అయితది. నమ్ముతున్న అని షురూ చెయ్యాలె గదా? నేను జనగణమన పాడితేనే నా పెదవుల దిక్కు చూస్తరు."

పక్కన టీ గ్లాసు పట్టుకున్న టీచరు మాట అందుకుంది.

"అన్నా, ఇలా ఇవ్వండి ఆ చీటీ. నాది తీసుకోండి."

"నీకు తక్లీఫ్ గాదా, టీచరమ్మా?"

"నాకేంటి? మా తమ్ముడే బోర్డర్‌లో ఉన్నాడు. నన్నెవడు ఏమంటాడు?"

అది ఆమె చేసిన తప్పు. లోకం మీద నమ్మకం ఉన్న మనిషి మాత్రమే చేయగల తప్పు. సైనికుడి అక్క కాబట్టి సైన్యం గురించి మాట్లాడే హక్కు తనకుందనుకుంది. ఈ దేశంలో సైనికుడి మీద హక్కు అందరికీ ఉంది, సైనికుడి ఇంటివాళ్ళకు తప్ప. చీటీలు మార్చుకోవడం మా నియమాలకు విరుద్ధం. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఒక మనిషికి షట్టర్ తెరుచుకునే దారి మిగలడం నియమం కంటే ముఖ్యమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పైకి వచ్చాం. బట్టల వ్యాపారి పెంచాలని వాదించాడు. బాగానే వాదించాడు, చెమటలు కక్కుతూ. తర్వాత ఆమె లేచింది. ఆ గదిలో నేను విన్న మంచి ప్రసంగాల్లో అదొకటి.

"నేను నమ్ముతున్నాను. ఈ ఖర్చు తగ్గించాలి. విమానాలు చూసి మురిసిపోయే దేశానికి బడిగది పైకప్పు గుర్తుకు రాదు" అని మొదలుపెట్టింది. "కొత్త విమానం దిగిన రోజున మీరంతా టీవీలో చూశారు. కొబ్బరికాయ కొట్టడం కూడా చూశారు. మా తమ్ముడి కాలివేళ్ళు ఎవరైనా చూశారా? కిందటి చలికాలం రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. వాడి బూట్ల ఫోటో పెట్టి ఏ పార్టీ అయినా ఓట్లడిగిందా? బూటు ఫోటోకు బాగుండదు. విమానం బాగుంటుంది. మనం ఎక్కువ ఖర్చు పెట్టమని అడుగుతున్నది వాడి కోసం కాదు, మన కళ్ళ కోసం. కనుక ముందు ఆ కళ్ళ ఖర్చు తగ్గించండి" అంది.

ముందు వరసలో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు చేతిలో బిస్కెట్టు పట్టుకుని తినడం మరిచిపోయాడు. మళ్ళీ చేతులెత్తించాం. పెంచాలన్న చేతులు తగ్గాయి. నేను ఉప్పొంగిపోయాను. చూశారా, వాదన మనిషిని మారుస్తుంది అన్నాను డాక్టరుతో. "రికార్డు చేశాం, గ్రూపులో పెడదాం, యువతకు చేరాలి" అన్నాడాయన. పెట్టాడు.

యువతకు చేరింది. ఎవరో మొదటి మూడు వాక్యాలు మాత్రం ఉంచి, మిగతాది కత్తిరించి తిప్పారు. నమ్ముతున్నాను, తగ్గించాలి, విమానాలు చూసి మురిసిపోయే దేశం. తమ్ముడు, కాలివేళ్ళు, బూట్లు అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. కింద "యాప్రాల్‌లో మన పిల్లలకు పాఠాలు చెప్పేది ఈవిడే" అని రాశారు. ఆమె ఏ చర్చికి వెళుతుందో ఎవరో కనుక్కున్నారు. ఏ దేశం డబ్బులతో మాట్లాడుతోందో కనుక్కోవడానికి ఇంకెవరికీ కష్టం కాలేదు. అలాంటి సమాచారం కనుక్కోనక్కర్లేదు, ఊహిస్తే చాలు. లిఫ్టు ముందు తీర్మానం చేసిన అపార్ట్‌మెంటు వాళ్ళు స్కూలు గేటు ముందు నిలబడ్డారు. కూతురి క్లాసులో పిల్లలు ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చోవడం మానేశారు. తమ్ముడు కొండ మీది నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నా వేళ్ళ సంగతి ఊరందరికీ చెప్పమని నిన్నెవరడిగారు? ఇక్కడ నన్నేడిపిస్తున్నారు" అని పెట్టేశాడట. ఆ మాట నాకు ఆమే చెప్పింది. "వాడన్నదీ నిజమే కదా సార్" అంది. అంతటితో నాకు ఓదార్చే అవకాశం కూడా లేకుండా పోయింది.

స్కూలు కమిటీ ఆమెను పిలిచింది. ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది ఆ రోజు తేలుతుంది. అమ్మాయి సీటూ దానితోనే. సాక్షిగా నేను వస్తానన్నాను. డాక్టరును రమ్మన్నాను. ఆయన అప్పటికే ఆ స్కూలు నడిపే కరస్పాండెంటుకు ఫోన్ చేసి, "అది ఆమె వ్యక్తిగత అభిప్రాయమండీ, వేదికకు ఎలాంటి సంబంధం లేదు" అని చెప్పేశాడని తర్వాత తెలిసింది. ఆమె నోటితో "నేను" అని పలికించిన నియమం మాది. ఆ "నేను"ను పట్టుకుని ఆమెను ఒంటరిని చేసినవాడు మా అధ్యక్షుడు. నేను అడిగితే, "క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో సగం మంది ఆ ఏరియా వాళ్ళే, మీకు తెలియదు" అన్నాడు. నాకు తెలుసు. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు.

కమిటీకి ముందురోజు మధ్యాహ్నం బట్టల వ్యాపారి మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేనొస్తా సార్. చీటీ నాదేనని చెప్త. ఆమె నన్ను కాపాడనీకి తీస్కున్నదని చెప్త."

ఆయన ముందే టీచరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. ఆమె విని, పాఠం చెప్పే గొంతుతో అంది. "అన్నా, మీరొస్తే ఏమవుతుందో చూడండి. 'ఆ మాటలు అసలు వీడివి, వీడి కోసం ఈమె మాట్లాడింది' అంటారు. అప్పుడు నా ఉద్యోగమూ పోతుంది, మీ దుకాణమూ పోతుంది. రాకండి. సార్ వస్తారు, చీటీ ప్రకారం మాట్లాడానని చెబుతారు. నేను అసలు పెంచాలని చెయ్యెత్తిన మనిషినేనని చెబుతారు. అది నిజమే కదా. చాలు."

తర్కం ఎక్కడా తప్పలేదు. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

స్కూలు ఆఫీసులో కరస్పాండెంటు, ఇద్దరు తల్లిదండ్రులు ఉన్నారు. ఒకాయన అపార్ట్‌మెంట్లు కడతాడు. ఒకావిడ బ్యూటీ పార్లరు నడుపుతుంది. కరస్పాండెంటు మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు, ఆమెకు వేయించలేదు.

"సార్, మీరు పెద్దలు. సూటిగా అడుగుతున్నా. ఆమె మాట్లాడింది ఆమె మాటేనా?"

"కాదు. మా దగ్గర చీటీ పద్ధతి" అని మొత్తం వివరించాను. "లాయరు దొంగ తరఫున వాదిస్తే లాయరు దొంగవుతాడా?"

"దొంగ తరఫున వాదిస్తే ఫీజన్న వస్తది" అన్నాడు బిల్డరు. "ఈమెకేమొచ్చింది?" అందరూ నవ్వారు.

"మా బాబు ఇంటికొచ్చి అడుగుతుండు సార్" అంది పార్లరావిడ. "మమ్మీ, మా టీచర్ దుష్మన్ సైడా అని. నేనేం చెప్పాలె వానికి?"

"మీ ఇళ్ళల్లో ఎవరైనా సైన్యంలో ఉన్నారా?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "లేరు" అన్నాడు బిల్డరు. "అందుకే గదా ట్యాక్స్ కడుతున్నం."

"ఆమె తమ్ముడు ఉన్నాడు."

"అట్లయితే ఇంకా సిగ్గుండాలె."

కరస్పాండెంటు చెయ్యెత్తి ఆపాడు. ఆయనకు గొడవ అక్కర్లేదు, టీచర్లు దొరకడం కష్టం. "చూడండి మేడమ్, ఒక్క మాట చెప్పండి. అది నా అభిప్రాయం కాదు, చీటీలో వచ్చింది కాబట్టి మాట్లాడాను, నేను పెంచాలనే అంటాను అని. నేను పేరెంట్స్‌కు చెప్పుకుంటా. అయిపోయింది."

ఆమె నోరు తెరిచింది. నాకు ఊపిరి వచ్చింది.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు బిల్డరు, ఫోను చూస్తూ. "చీటీ ఈమెకు రాలేదంట. ఈమెకు పెంచాలె అని వచ్చిందంట. ఎవరితోనో మార్చుకుందంట. మీ మీటింగుకొచ్చిన బ్యాంకాయన చెప్పిండు, మెట్ల మీద చూసిండంట, అవతలి మనిషి మొఖం కనబడలేదంట. చేతిలకొచ్చింది ఇడిసిపెట్టి ఇదే గావాలని తీస్కున్నదంటే, ఇష్టంతోనే గదా? ఎవరితోని మార్చుకున్నవ్ మేడమ్? ఎందుకు?"

ఇంత పదునైన ప్రశ్న మా వేదికలో నేనెప్పుడూ వినలేదు. ఒక పేరు చెబితే చాలు. ఆ పేరు వినగానే ఈ గదిలో కోపమంతా ఆమెను వదిలేసి జనరల్ బజార్ వైపు పరుగెడుతుంది. ఆమెకు అది తెలుసు. నాకు తెలుసు. అసలు వీళ్ళకు కావలసింది కూడా అలాంటి పేరేనని అనిపించింది. ఆమె వాళ్ళకు సరిపోవడం లేదు. సైనికుడి అక్క, మంచి టీచరు, గట్టి శత్రువు కాదు.

"ఎవరితోనూ కాదు" అంది. "గిన్నెలో మిగిలిన చీటీల్లోంచి నేనే అడిగి తీసుకున్నాను."

"ఎందుకు?"

"నమ్మాను కాబట్టి."

కరస్పాండెంటు నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? అబద్ధమని చెబితే నిజమేమిటని అడుగుతాడు. జీవితమంతా నిజం చెప్పండని జనం మీద అరిచిన నోరు నాది. దాన్ని మూసుకుని కూర్చున్నాను. అంతకంటే హేతుబద్ధమైన పని ఆ క్షణంలో లేదు.

"ఇంకేముంది సార్" అంది పార్లరావిడ, హ్యాండ్‌బ్యాగు భుజానికి వేసుకుంటూ. "ఆమెనే ఒప్పుకుంది."

సంవత్సరం మధ్యలో కాబట్టి పిల్లలకు ఇబ్బంది కలగకుండా అప్పటికప్పుడు కాక వారం గడువిచ్చి వెళ్ళిపొమ్మన్నారు. అమ్మాయి సీటు గురించి ఎవరూ మాట్లాడలేదు. అడగడానికి ఆమెకు నోరు రాలేదు, చెప్పడానికి కరస్పాండెంటుకు నోరు రాలేదు. బయట గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. నాలో ఏదో పొంగుకొచ్చింది. "అమ్మా, ఈ ఊళ్ళో ఇంత ధైర్యం నేను చూడలేదు" అన్నాను.

ఆమె తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తుంది. "మెచ్చుకోకండి సార్. ఆదివారం నా గురించి నాలుగు మాటలు చెప్పి చప్పట్లు కొట్టించకండి. నాకు ఉద్యోగం కావాలి" అంది. ఆటో వచ్చింది. నన్ను ఎక్కమనలేదు.

తర్వాతి ఆదివారాలు ఆమె రాలేదు. బట్టల వ్యాపారి ఒకసారి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోంచే "టీచరమ్మ వస్తున్నదా" అని అడిగి, లేదంటే వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు కూర్చుని, ఇకపై దేశ భద్రతకు సంబంధించిన విషయాలు చర్చకు పెట్టకూడదని తీర్మానించారు. చేతులెత్తించారు. నా చెయ్యి ఒక్కటే కింద ఉంది. అది జడత్వమో ధిక్కారమో ఎవరూ అడగలేదు, మర్యాదగా నన్ను వదిలేశారు.

కొన్ని వారాల తర్వాత నేనే ఫోన్ చేశాను. కాప్రాలో ఒక చిన్న స్కూల్లో ఉద్యోగం దొరికిందని చెప్పింది. అమ్మాయిని అక్కడ సగం ఫీజుకు చేర్చుకున్నారట.

"ఇంటర్వ్యూలో ఆ వీడియో సంగతి అడగలేదా?"

"అడగకుండా ఉంటారా సార్! మొదటి ప్రశ్న అదే."

"ఏం చెప్పారు?"

"రక్షణ ఖర్చు ఇంకా పెంచాలని చెప్పాను. ఎంతైనా సరే పెంచాలి, పిల్లలకు రోజూ అదే చెబుతానన్నాను. హెడ్మాస్టరు చాలా సంతోషించాడు. టీ ఇప్పించాడు."

ఇంతకీ మీరు అసలు ఏమనుకుంటున్నారు, పెంచాలనా, తగ్గించాలనా? ఆ ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాను. ఇన్నేళ్ళ జబ్బు అది.

ఫోనులో పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకోవాలి సార్, ఉంటాను" అంది.